స్నానాల గది గోడకు సిరామిక్ టైల్స్: సిమెంటు మాలుతో వేయించాలా, అడ్హెసివ్‌తోనా?

ప్రశ్న (అడిగినవారు: మారతహళ్లి నివాసి)

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో మారతహళ్లి సమీపంలోని ఒక పాత అపార్టుమెంటులో రెండవ అంతస్తులో ఉంటున్నాము. మా స్నానాల గది 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటుంది. గోడలకు 7 అడుగుల ఎత్తు వరకు వేసిన పాత టైల్స్‌లో, షవర్ ఉన్న గోడ మీద చాలావాటిని తట్టి చూస్తే డొల్లగా మోగుతున్నాయి. కొన్నింటి అంచులు పైకి లేచాయి. క్రింది ఇంటివారు తమ పైకప్పుకు చెమ్మ దిగుతున్నదని చెప్పడంతో, ఇక వాయిదా వేయకుండా గది మొత్తానికి మళ్లీ టైల్స్ వేయించాలని నిశ్చయించుకుని, 300×600 మి.మీ. కొలత గల సిరామిక్ గోడ టైల్స్ ఎంచుకున్నాము.

మా మేస్త్రీగారు చిత్తూరు వైపువారు, పనిమంతులు. టైల్స్‌ను నీళ్లలో నానబెట్టి, వెనుక సిమెంటు మాలు పట్టించి వేస్తేనే గట్టిగా నిలుస్తాయని ఆయన అంటున్నారు. దుకాణంవారు మాత్రం అడ్హెసివ్ (టైల్స్ అతికించడానికి సంచుల్లో వచ్చే జిగురు మిశ్రమం) తప్ప మరొకటి వాడవద్దని చెబుతున్నారు. పాత టైల్స్ పగలగొట్టకుండా వాటి మీదనే కొత్తవి అతికించుకోవచ్చునని, దుమ్ము, ఖర్చు రెండూ తగ్గుతాయని మా పక్క ఇంటివారి సలహా. వీటిలో ఏది మా గదికి సరిపోతుందో, క్రింది ఇంటికి చెమ్మ దిగకుండా ఉండాలంటే ఏ క్రమంలో పని జరగాలో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

సమాధానం 1 (సివిల్ ఇంజినీరు, వైట్‌ఫీల్డ్)

నమస్కారమండి. మీరు అడిగిన వాటిలో చివరిది అన్నింటికన్నా ముఖ్యమైనది కనుక దానితోనే మొదలుపెడతాను. టైల్స్ గాని, వాటి మధ్య నింపే గ్రౌట్ గాని నీటిని పూర్తిగా ఆపలేవు. పైపూత వల్ల టైల్ ముఖం మీద నీరు నిలవదు, అంతవరకే. కీళ్లలోంచి కొద్దికొద్దిగా నీరు లోపలికి పోతూనే ఉంటుంది. ఆ నీటిని అడ్డుకోవలసింది టైల్ వెనుక గోడ మీద, నేల మీద వేసే వాటర్‌ప్రూఫింగ్ పొర. ఆ పొర లేకుండా ఎంత ఖరీదైన టైల్ వేసినా, ఎంత మంచి అడ్హెసివ్ వాడినా, క్రింది ఇంటి పైకప్పు మరక కొంతకాలానికి మళ్లీ కనిపిస్తుంది.

పగలగొట్టే ముందు చెమ్మకు మూలం ఎక్కడ ఉందో తెలుసుకోండి. గదిని వాడని రోజుల్లో కూడా క్రింద మరక తడిగానే ఉంటే, నీటి ఒత్తిడి ఎప్పుడూ ఉండే సరఫరా పైపులో లోపం ఉన్నదని అనుమానించాలి. స్నానాలు అయిన తరువాత మాత్రమే తడి పెరిగితే నహానీ ట్రాప్ (నేల మీది నీరు మురుగు పైపులోకి పోయే చోటు) చుట్టూ గాని, నేల, గోడ కలిసే మూలలో గాని, మురుగు పైపు అతుకులో గాని దారి ఉన్నట్లు. ఈ తేడా తెలియకుండా గోడ టైల్స్ మాత్రమే మార్చితే అసలు లోపం అక్కడే ఉండిపోతుంది.

పాతవాటి మీద కొత్తవి అతికించే పద్ధతి ఉన్నదే. అయితే పాత టైల్ ప్రతి ఒక్కటీ గోడను గట్టిగా పట్టుకుని ఉన్నప్పుడే అది పనికి వస్తుంది. మీ షవర్ గోడలో డొల్ల ఉన్నదంటున్నారు. గోడను వదిలేసిన టైల్ మీద మరో పొర బరువు వేస్తే రెండూ కలిసి ఊడి పడే ప్రమాదం ఉంది. పైగా పాత టైల్ వెనుక ఏ వాటర్‌ప్రూఫింగ్ ఉన్నదో, అసలు ఉన్నదో లేదో చూసే అవకాశం పోతుంది. తలుపు చట్రం అంచు టైల్ లోపలికి మునుగుతుంది, గోడలో ఉన్న కుళాయిల, డైవర్టర్ల (నీటిని కుళాయికో షవర్‌కో మళ్లించే అమరికల) లోతు కూడా చాలకుండా పోతుంది. మీ గదికి ఆ సలహా వద్దనే నా అభిప్రాయం. పాత టైల్స్‌తో పాటు వాటి వెనుక వదులైన మాలునంతా గోడ ఇటుక కనిపించేదాకా తీయించండి.

ఇక సిమెంటా, అడ్హెసివా అన్న విషయం. మీ మేస్త్రీగారు చెప్పినది నిరాధారం కాదు. సిరామిక్ గోడ టైల్ వెనుక భాగం బాగా నీరు పీలుస్తుంది. ఈ తరగతి టైల్స్ తమ బరువులో 10 శాతానికి పైగానే నీటిని పీల్చుకుంటాయి. పొడి టైల్‌కు సిమెంటు మాలు పట్టిస్తే, సిమెంటు గట్టిపడటానికి కావలసిన నీటిని టైల్ లాగేస్తుంది, పట్టు సగంలోనే ఆగిపోతుంది. అందుకే నానబెట్టడం. 0.5 శాతం కూడా నీరు పీల్చని, బాగా దట్టంగా ఉండే విట్రిఫైడ్ రకం టైల్ వెనుక సాదా సిమెంటు పట్టుకోవడానికి చోటే ఉండదు. దుకాణంవారు అన్నింటికీ ఒకే మాట చెప్పడానికి కారణం బహుశా అదే.

అయినా మీకు నేను అడ్హెసివ్‌నే సూచిస్తాను. సిమెంటు మాలుతో వేసేటప్పుడు టైల్ వెనుక మధ్యలో ముద్ద పెట్టి గోడకు అదుముతారు. నాలుగు మూలలూ ఖాళీగా మిగిలే అవకాశం ఎక్కువ. ఆ ఖాళీల్లో నీరు చేరుతుంది, దెబ్బ తగిలితే మూల విరుగుతుంది. మందంగా వేసిన మాలు ఆరుతూ కుంచించుకుపోవడం మరొక ఇబ్బంది. పళ్లున్న తాపీతో గోడంతా సమంగా గీసిన 3 మి.మీ. అడ్హెసివ్ పొరలో ఈ రెండూ తక్కువ. పైగా సిమెంటు ఆధారిత వాటర్‌ప్రూఫింగ్ పూత మీద అడ్హెసివ్ చక్కగా అతుకుతుంది. నల్లటి తారు పూత ఎవరైనా సూచిస్తే గోడల మీద ఒప్పుకోవద్దు, దాని మీద టైల్ నిలవదు. అడ్హెసివ్ సంచి మీద ఐఎస్ 15477 అన్న భారతీయ ప్రమాణం, దానిలో ఏ రకమో ముద్రించి ఉంటుంది. లోపలి గోడకు, సిరామిక్ టైల్‌కు టైప్ 1 సరిపోతుంది.

అడ్హెసివ్‌కు ఒక షరతు ఉంది. అంత పలుచని పొర గోడ వంకరలను సరిచేయలేదు. కనుక ముందుగా 1:4 పాళ్లలో (ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక) ప్లాస్టరింగ్ చేయించి, తూకపు గుండుతో నిలువు సరిచూసి, కనీసం ఏడు రోజులు తడుపుతూ ఉంచి, తరువాత ఆరనివ్వాలి. మన మేస్త్రీలు సిమెంటు మాలుతో వంకరను అక్కడికక్కడే సర్దుకునే అలవాటులో ఉంటారు. అడ్హెసివ్ పట్ల వ్యతిరేకత చాలావరకు అందువల్లనే వస్తుంది. ప్లాస్టరింగ్ బాగుంటే ఆయనే అడ్హెసివ్‌కు ఒప్పుకుంటారు.

సమాధానం 2 (టైల్స్ పనుల గుత్తేదారు, కృష్ణరాజపురం)

ఇంజినీరుగారు వెనుక గోడ సంగతి వివరంగా చెప్పారు. నేను పరచడం గురించి చెబుతాను. చాలా ఇళ్లలో డబ్బు ఖర్చయినా గది అందంగా కనిపించకపోవడానికి కారణం, మొదటి టైల్ ఎక్కడ పెట్టాలో లెక్క వేసుకోకపోవడమే.

మీ 8 అడుగుల గోడ సుమారు 2438 మి.మీ. ఒక మూల నుంచి 600 మి.మీ. టైల్స్ అడ్డంగా పెట్టుకుంటూ పోతే, 2 మి.మీ. సందులతో కలిపి నాలుగు టైల్స్‌కు 2408 మి.మీ. పోయి, చివర 30 మి.మీ. మిగులుతుంది. అంత సన్నని ముక్క నిలువునా 7 అడుగులు కనిపిస్తే కన్ను దాని మీదికే పోతుంది. కోసేటప్పుడు విరగడం కూడా ఎక్కువ. దానికి బదులు మధ్యలో మూడు పూర్తి టైల్స్ ఉంచి, రెండు చివరల దాదాపు 315 మి.మీ. ముక్కలు వచ్చేలా జరపండి. 5 అడుగుల గోడలో మధ్యన ఒక పూర్తి టైల్, ఇరువైపులా సుమారు 460 మి.మీ. ముక్కలు సరిపోతాయి. ప్లాస్టరింగ్ అయిన తరువాత మళ్లీ కొలిచి ఈ అంకెలు సరిచేసుకోవాలి.

క్రింది వరుసను ముందుగా వేయనీయకండి. నేల నీటి వాలు 100కు 1 చొప్పున ఉంటే, 8 అడుగుల పొడవులో దాదాపు ఒక అంగుళం తేడా వస్తుంది. నేల ఆధారంగా మొదలుపెడితే ఆ వాలు గోడంతా పైకి ఎక్కుతుంది. లెవెల్ పైపుతో (నీరు నింపిన పారదర్శక గొట్టంతో) నాలుగు గోడల మీదా ఒకే మట్టం గుర్తించి, రెండవ వరుస అడుగున అల్యూమినియం పట్టీ బిగించి, దాని మీద నుంచి పైకి వేయాలి. నేల టైల్స్ పూర్తయిన తరువాత, మొదటి వరుసను వాలుకు తగినట్లు కోసి దింపుతారు. 300 మి.మీ. ఎత్తుతో అడ్డంగా వేస్తే ఏడు వరుసలకు దాదాపు 7 అడుగులు సరిపోతుంది; ట్రాప్ దగ్గర టైల్ పూర్తిగా ఉండి, తలుపు వైపు అంగుళం మేర కోత పడుతుంది.

అడ్హెసివ్‌తో వేసేటప్పుడు టైల్స్ నానబెట్టకూడదు. వెనుక దుమ్మును తడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాత వేయాలి. గోడ మీద తాపీ పళ్లతో అడ్హెసివ్‌లో పడే గీతలన్నీ ఒకే దిశలో ఉండాలి, అలా ఉంటేనే అదిమినప్పుడు లోపలి గాలి బయటికి పోతుంది. ఒకేసారి గోడంతా పూసేస్తే, దాదాపు ఇరవై నిమిషాల్లో పైన పొర కడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల పొడిగాలిలో ఇంకా త్వరగానే కడుతుంది. వేలితో తాకితే అంటుకోని చోట టైల్ పెట్టవద్దు, గీకివేసి మళ్లీ పూయించాలి. అప్పుడప్పుడు ఇప్పుడే పెట్టిన టైల్‌ను ఒకటి ఊడదీసి వెనుక చూడమని చెప్పండి. మూలలు సహా అంతటా అడ్హెసివ్ అంటి ఉండాలి. యజమాని అలా చూడమనడంలో అవమానమేమీ లేదు. మంచి పనివాడు సంతోషంగానే చూపిస్తాడు.

సందు లేకుండా ఆనించి వేయడం ఇక్కడ ఇప్పటికీ చాలామంది అడుగుతున్నారు. సిరామిక్ టైల్ చెమ్మకు కొద్దిగా ఉబ్బుతుంది, పెట్టెలో కొలతలూ కొంత మారుతుంటాయి. టైల్స్ మధ్య సందు సమంగా ఉంచే 2 మి.మీ. స్పేసర్లు తప్పకుండా వాడించండి.

అడిగినవారి మాట (మారతహళ్లి నివాసి)

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ వివరణలు మేస్త్రీగారికి చదివి వినిపించాను. ప్లాస్టరింగ్ బాగా చేస్తే అడ్హెసివ్‌తో వేయడానికి ఆయన అంగీకరించారు. పాత టైల్స్ తీయగా, షవర్ గోడలో ఒక వైపు కాంక్రీటు స్తంభం, మిగతా భాగంలో సిమెంటు దిమ్మెలు కనిపించాయి. ఆ రెండింటి కలయిక వెంట పాత ప్లాస్టరింగ్‌లో నిలువుగా పగులు ఉంది. దీనిని ఎలా సరిచేయాలి? టైల్స్, అడ్హెసివ్ ఎంత తెచ్చుకోవాలో కూడా తెలియజేయగలరా?

సమాధానం 3 (సివిల్ ఇంజినీరు, వైట్‌ఫీల్డ్)

మీ టైల్స్ వదులు కావడానికి ఆ పగులు కూడా ఒక కారణమై ఉండవచ్చు. కాంక్రీటు, దిమ్మెలు వేడికి, చెమ్మకు ఒకే విధంగా వ్యాకోచించవు కనుక వాటి కలయిక దగ్గర ప్లాస్టరింగ్ చీలుతుంది. ఆ గీతకు రెండు వైపులా కొన్ని అంగుళాలు వచ్చేలా కోడిజాలిని (సన్నని తీగల వలను) మేకులతో బిగించి, దాని మీద ప్లాస్టరింగ్ చేయించండి. స్తంభం ముఖం నున్నగా ఉంటే ఉలితో గాట్లు పెట్టించి, కడిగి, సిమెంటు పాలు పూసిన వెంటనే మాలు వేయాలి.

దానికి ముందే పైపుల పని పూర్తి చేసి, ఒత్తిడి పరీక్ష చేయించండి. టైల్స్ వేసిన తరువాత అతుకు కారితే అంతా మళ్లీ పగలగొట్టవలసి వస్తుంది. ప్లాస్టరింగ్ ఆరిన తరువాత నేల అంతటా, గోడలకు అడుగు ఎత్తు వరకు, షవర్ గోడకు టైల్స్ పై అంచు వరకు వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేయాలి. మొదటిది ఆరిన తరువాత రెండవదాన్ని దానికి అడ్డంగా పూస్తారు. నేల, గోడ కలిసే మూలను ముందే మాలుతో గుండ్రంగా చేయించాలి, లంబకోణంలో వదిలిన మూలలోనే పూత చిట్లుతుంది. పూత పూర్తిగా ఆరాక ట్రాప్ మూసి, రెండు అంగుళాల నీరు 48 గంటలు నిలిపి, క్రింది ఇంటి పైకప్పును మీరు స్వయంగా వెళ్లి చూడండి. మరక పెరగకపోతేనే టైల్స్ పని మొదలుపెట్టించండి.

లెక్క ఇలా ఉంటుంది. గది చుట్టుకొలత 26 అడుగులు, ఎత్తు 7 అడుగులు, అంటే 182 చదరపు అడుగులు. తలుపు పోగా సుమారు 165. కోతలకు, విరుగుడుకు 10 శాతం కలిపితే దాదాపు 181 చదరపు అడుగులు, అంటే 94 టైల్స్. పెట్టెలన్నింటి మీద షేడ్ సంఖ్య, బ్యాచ్ సంఖ్య ఒకటేనా చూసుకోండి. 3 మి.మీ. పొరకు 20 కిలోల అడ్హెసివ్ సంచి సుమారు 48 చదరపు అడుగులకు వస్తుంది కాబట్టి నాలుగు సంచులు చాలు. సంచి మీద చెప్పినంత నీరే కలిపించండి. బిగుసుకోవడం మొదలైన మిశ్రమంలో మళ్లీ నీరు పోసి మెత్తబరచడం పట్టును చెడగొడుతుంది.

సమాధానం 4 (గృహిణి, హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్)

గ్రౌట్ గురించి ఎవరూ ప్రస్తావించలేదు కనుక మా ఇంటి అనుభవం చెబుతాను. మాకు కావేరి నీటితో పాటు బోరు నీరు కూడా వాడక తప్పదు. బోరు నీటిలోని లవణాలు ఆరినచోటల్లా తెల్లగా పేరుకుంటాయి. ఆ తెలుపు పోవాలని పనివారు యాసిడ్ వాడితే టైల్ మెరుస్తుంది గాని, సిమెంటు గ్రౌట్ కరిగి కీళ్లలో గుంతలు పడతాయి. మీ ఇంట్లోనూ బోరు నీరు వస్తున్నట్లయితే, కనీసం షవర్ గోడకు, కుళాయిల చుట్టూ ఎపాక్సీ గ్రౌట్ (సిమెంటుకు బదులు రెసిన్‌తో చేసిన గ్రౌట్) వేయించండి. ధర ఎక్కువే, కానీ అది నీరు పీల్చదు, మరక పట్టదు, యాసిడ్ వంటి మందులకూ త్వరగా లొంగదు. టైల్స్ వేసిన తరువాత కనీసం ఒక రోజు ఆగి గ్రౌట్ నింపించాలి. టైల్ ముఖం మీద అంటిన ఎపాక్సీని వెంటనే తుడిపించండి, ఒకసారి గట్టిపడితే వదలదు.

రెండు గోడలు కలిసే మూలల్లోనూ, గోడ నేలను కలిసే గీతలోనూ గ్రౌట్ బదులు బూజు పట్టని సిలికాన్ నింపించాము. భవనం కొద్దిగా కదిలినా అది సాగుతుంది, గ్రౌట్ అయితే అక్కడ చీలిపోతుంది.

సమాధానం 5 (టైల్స్ పనుల గుత్తేదారు, కృష్ణరాజపురం)

అమ్మగారు చెప్పినది పూర్తిగా నిజం. ఒక్కటి కలుపుతాను. గీజరు, అద్దం, తువ్వాలు కడ్డీ ఎక్కడ వస్తాయో ప్లాస్టరింగ్‌కు ముందే నిర్ణయించి, గోడల ఫొటోలు తీసి, పైపుల దారితో సహా కొలతలు వ్రాసి ఉంచుకోండి. తరువాత వచ్చే ఎలక్ట్రీషియనుకు లోపల ఏముందో తెలియదు. వీలైనంతవరకు షవర్ గోడ మీద రంధ్రాలు వేయించవద్దు, ఎందుకంటే ప్రతి రంధ్రం మీరు వేయించిన వాటర్‌ప్రూఫింగ్ పూతను చీల్చుకునే పోతుంది. తప్పనిసరి అయితే డ్రిల్‌లో హ్యామర్ (దెబ్బ కొట్టే పద్ధతి) ఆపి, టైల్‌కు సరిపడే బిట్‌తో నెమ్మదిగా తొలిపించి, స్క్రూ బిగించే ముందు ఆ రంధ్రాన్ని సిలికాన్‌తో నింపించండి.