అంతర్వేది మొగలో మాగకి గాలం: అక్టోబరు, నవంబరులో చిన్న బోటు మీద సెటప్ ఎలా?

వశిష్ఠ_ఒడ్డు:
అందరికీ నమస్కారమండి. మాది 16 అడుగుల ఫైబర్ బోటు, 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజిను, ఇద్దరు మనుషులు. ఇప్పటిదాకా నరసాపురం దగ్గర ఏట్లోనే గాలం. దసరా వెళ్ళాక అంతర్వేది మొగ దాకా పోయి మాగకి, కుదిరితే పండుగప్పకి వేద్దామనుకుంటున్నాం. అమెరికావాళ్ళు ఇదే కాలంలో చిన్న బోట్ల మీద నది మొగల్లో సాల్మన్‌కి ట్రోలింగ్ (బోటు నడుపుతూ వెనక ఎర లాగడం) చేస్తారు కదా. మాగని కూడా ఇండియన్ సాల్మన్ అంటున్నారు కాబట్టి ఆ పద్ధతి ఇక్కడ నడుస్తుందా? డౌన్‌రిగ్గరు కొనాలా? తంగూసు, సీసం, గాలం ఎంతెంత? మొగ ఏ వేళకి దాటాలి? పులస గాలానికి పడుతుందా?

మొగదారి:
ముందు పేరు సంగతి తేల్చుకుందామండి, పద్ధతి మారేది అక్కడే. మాగ సాల్మనూ కాదు, దాని చుట్టమూ కాదు. బొంబాయి మార్కెట్లో రావస్ అనేదీ, హోటళ్ళలో ఇండియన్ సాల్మన్ అని రాసేదీ ఇదే. పక్కపక్కన పెడితే పిల్లాడైనా చెప్పేస్తాడు. సాల్మన్‌కి వీపు రెక్క దాటాక తోక దగ్గర ముళ్ళు లేని చిన్న కండ రెక్క ఒకటుంటుంది. మాగకి వీపు మీద రెండు రెక్కలు విడివిడిగా ఉంటాయి, నోరు ముక్కు కిందకి ఉంటుంది, పక్క రెక్క కింద నాలుగు దారాలు వేలాడతాయి, కంటి మీద జిగురు పొర ఉంటుంది. ఆ దారాలే అసలు సంగతి. బురద నీళ్ళలో వాటితో తడిమి రొయ్యని పట్టేస్తుంది, కన్ను పెద్దగా అక్కర్లేదు.

సాల్మన్ చల్లనీళ్ళ చేప. అమెరికాలోని కొలంబియా నది మొగలో ఆగస్టు, సెప్టెంబరుల్లో చినూక్, కోహో రకాలు గుడ్లు పెట్టడానికి నది ఎక్కుతుంటాయి. దారిన పోయే గుంపు కాబట్టి దాని ముందునుంచి హెర్రింగ్ చేప ముక్కో, తళతళలాడే ఫ్లాషరో లాగుతారు. ఇంకా లోతైన సముద్రంలో ఎరని ఫలానా లోతున నిలబెట్టాలంటే నాలుగు నుంచి ఆరు కిలోల గుండు దింపే డౌన్‌రిగ్గరు కావాలి. మన మొగలో మాగ వచ్చేది పాటుకి (పోటు తీసి నీరు వెనక్కి పోయేటప్పుడు) కొట్టుకొచ్చే రొయ్య కోసం, చిన్న కొయ్యింగ చేపల కోసం. ఉండేది నాలుగైదు మీటర్ల నీళ్ళు, పైగా అడుగడుగునా వలలు. డౌన్‌రిగ్గరు దండగ. ఆ గుండు పోయి ఎవరి వలలోనో చిక్కుకుంటే తగువు కూడా.

కర్ర 7 అడుగులు, మధ్యస్థంకంటే కాస్త గట్టిది. 4000 సైజు రీలు. 30 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన దారం) 200 మీటర్లు. బ్రెయిడ్ చివర 50 పౌండ్ల తంగూసు ముక్క అరమీటరు కట్టి, బెజ్జం గుండు దాని మీద జారేట్టు వెయ్యండి. గుండుని నేరుగా బ్రెయిడ్ మీద వేస్తే ఇసుకలో రాసుకుని పూట తిరక్కుండా పోగులు లేస్తాయి. గుండు తర్వాత ఒక పూస, స్వివెలు (దారం మెలి పడకుండా తిరిగే ముక్క), అక్కణ్ణుంచి 40 పౌండ్ల లీడరు (గాలం కట్టే తంగూసు) మీటరు, చివర 4/0 సర్కిల్ గాలం (కొన లోపలికి వంగినది). పండుగప్ప మీదే గురి అయితే లీడరు 60 పౌండ్లు చెయ్యండి. దాని చెవి రేకు అంచు బ్లేడే, తల విదిలిస్తే సన్న తంగూసు పుటుక్కుమంటుంది.

సీసం బరువు ఒక అంకె చెప్పి ఊరుకునేది కాదు. 30, 50, 80 గ్రాములవి మూడూ పట్టుకెళ్ళండి. గుండు నేలని తగులుతూ, ఆగుతూ, మళ్ళీ దొర్లుతూ పోవాలి. కర్ర కొనకి ఆ టక్ టక్ తెలుస్తుంది. ఒకేచోట పాతుకుపోతే బరువెక్కువ, బ్రెయిడు నీటి మీదకి లేచిపోతుంటే తక్కువ. పాటు మంచి ఊపులో ఉన్నప్పుడు 80 కూడా నిలవదు, నీరు మందగించాక 30 చాలు.

మాగ మొదట రెండుసార్లు చిన్నగా గుద్ది, ఆ తర్వాత ఒక్కసారిగా లాక్కుపోతుంది. సర్కిల్ గాలానికి కర్ర విదిలించకూడదు. రీలు తిప్పి బిగువు చేస్తే గాలం దానంతటదే నోటి మూలకి తిరిగి దిగుతుంది. మామూలు గాలం అలవాటున్నవాళ్ళు గట్టిగా లాగేసి చేపని పోగొట్టుకునేది ఇక్కడే.

ట్రోలింగ్ చెయ్యాలనే సరదా ఉంటే రెండు, మూడు మీటర్లు దిగే మూతి ఉన్న ల్యూరు (చేప ఆకారపు బొమ్మ ఎర) వేసుకుని, గంటకి 5 నుంచి 7 కిలోమీటర్ల లోపు, మొగ లోపలే ఒడ్డు కోసుకుపోయిన అంచు వెంబడి నడపండి. అది కూడా పండుగప్పకే.

పులస పడదండి. నీళ్ళలో తేలే సూక్ష్మజీవుల్ని వడగట్టుకుని తినే చేప అది, ఎరని చూడదు. సముద్రంలో విలస, గోదారెక్కితే పులస. బతుకు తీరులో సాల్మన్‌కి దగ్గరగా ఉండేది నిజానికి అదే, ఎర్రనీటికి ఎదురీది ధవళేశ్వరం దాకా ఎక్కుతుంది. దాని కాలం కూడా మీరు వెళ్ళేసరికి దాదాపు అయిపోతుంది.

అమరం:
చేప సంగతి మొగదారి గారు చెప్పేశారు. 16 అడుగుల బోటు అన్నారు కాబట్టి నేను మొగ గురించే రాస్తాను.

పాటులో నది నీళ్ళు బయటికి తోస్తుంటే సముద్రపు అల లోపలికి వస్తుంది. రెండూ ఇసుక మేట మీద ఢీకొంటాయి. అల పొట్టిదై, నిటారుగా లేచి, అక్కడే విరుగుతుంది. బయట సాఫీగా ఊగే అల మేట మీద గోడలా లేచేది అందుకే. దానికి తోడు ఎదురుగాలి ఉంటే చెప్పక్కర్లేదు. కాబట్టి పాటులో మొగ దాటడం లేదు, అంతే. పోటు మొదలైన గంటకి బయటికి, పోటు నిండడానికి గంట ముందే లోపలికి. అంటే మీకు బయట దక్కేది నాలుగు గంటలు. మాగ బాగా తినేది పాటు చివరి రెండు గంటలు కదా అంటారేమో. ఆ రెండు గంటలూ మొగ లోపలే, లోతు దిగే అంచున లంగరు వేసుకుని గడపండి. మాగ అక్కడికీ వస్తుంది.

పోటు వేళ రోజుకి 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. కాకినాడ పోర్టు పట్టిక మొగకి ఇంచుమించు సరిపోతుంది గానీ నరసాపురం రేవుకి పోటు ఆలస్యంగా అందుతుంది. ఎంత ఆలస్యమో కనుక్కోవడానికి రేవులో ఒక గుంజకి అరగంటకోసారి సుద్దముక్కతో గీత గీస్తూ మూడు రోజులు చూడండి. పోటు తెల్లారాక మొదలయ్యే రోజులు ఎంచుకుంటే మధ్యాహ్నం సముద్రపు గాలి ముదిరేలోపు రేవుకి చేరిపోవచ్చు. అమావాస్య, పున్నమి చుట్టుపక్కల పాటు మరీ ఉధృతం. మొదటిసారి అష్టమి, నవములకి వెళ్ళండి.

ధవళేశ్వరంలో ఎంత వదులుతున్నారో కూడా చూసుకోవాలి. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర, అంటే 10 లక్షల క్యూసెక్కుల నీళ్ళప్పుడు ఇస్తారు. హెచ్చరిక లేదు కదా అని బయల్దేరకండి. అందులో పదో వంతు దిగుతున్నా నేనైతే మొగకి వెళ్ళను. పాటు బలంగా, ఎక్కువసేపు లాగుతుంది, పోటు ఆలస్యంగా ఎక్కుతుంది, పైన తేలేదంతా తీపి నీరే. మాగ ఉప్పు తగిలే చోటికి జరిగిపోతుంది.

నిరుటి జీపీఎస్ దారిని నమ్మకండి. వరద వచ్చిన ప్రతిసారీ మేటలు జరుగుతాయి. వేటకెళ్ళే బోట్లు ఇప్పుడు ఎటునుంచి పోతున్నాయో ఒక పూట అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నిలబడి చూస్తే సరి. ఇన్‌కాయిస్‌వారి (హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ) అల ఎత్తు సూచన ముందురోజు రాత్రి చూడండి. ఇది తుపాన్ల కాలం కూడాను. కాకినాడ పోర్టులో ఒకటో నంబరు ఎగరేసినా ఆ రోజు మానేయడమే.

లోపలికి వచ్చేటప్పుడే బోట్లు ఎక్కువగా తిరగబడేది. మేటకి బయట ఆగి అలలు లెక్కపెట్టండి. పెద్దవి మూడో నాలుగో వరసగా వచ్చి, ఆ తర్వాత కాస్త తెరిపి ఇస్తుంది. ఆఖరి పెద్ద అల వీపు పట్టుకుని దాని వేగంతోనే నడపాలి. దాన్ని దాటి శిఖరం మీంచి దూకారా, బోటు ముక్కు నీళ్ళలో గుచ్చుకుని అడ్డం తిరుగుతుంది. మరీ నెమ్మదిస్తే వెనకది మీదికొస్తుంది. రెండో మనిషి కింద, వెనకవైపు కూర్చోవాలి. లైఫ్ జాకెట్ మేట చేరకముందే తొడుక్కోవాలి, ఇంజిను కిల్ తాడు (లాగితే ఇంజిను ఆగిపోయేది) మణికట్టుకి ఉండాలి. నంబర్లు: కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093.

గోదారి_గాలాలు:
లంగరు విషయంలో ఒక చిట్కా. అంచు మీద లంగరు వెనకనుంచి వేస్తే బోటు ఊగకుండా నిలుస్తుంది, రెండు కర్రలూ నీరు పోయే వైపే వేసుకోవచ్చు. ఏట్లో చాలామంది అలాగే కడతారు.

అమరం:
ఏట్లో నిలవనీటికి నడుస్తుందేమో గానీ మొగలో ఆ పని చెయ్యకండి బాబూ. వెనక పలక పొట్టిది, ఇంజిను బరువంతా అక్కడే. పాటు నీరు అటునుంచి తోస్తే తాడు బిగిసి వెనకభాగం కిందకి లాగుతుంది, ఒక్క అల లోపలికి వస్తే చాలు. లంగరు ఎప్పుడూ అణియం నుంచే, అంటే ముందు వైపు నుంచే. లోతు 4 మీటర్లుంటే తాడు 20 మీటర్లు వదలండి, లంగరుకీ తాడుకీ మధ్య మూడు మీటర్ల గొలుసు ఉండాలి. గొలుసు లేకపోతే లాగుడు పైకి పడి లంగరు ఇసుకలోంచి ఊడొస్తుంది. తాడు కొసకి ఒక బెండు కట్టి పెట్టుకోండి. పెద్ద చేప పడినా, పడవ ఎదురొచ్చినా తాడు వదిలేసి, తర్వాత వచ్చి ఏరుకోవచ్చు.

రేవు_మెకానిక్:
ఇంజిను గురించి ఎవరూ రాయలేదేం? వరద తర్వాత రెండు నెలలూ గోదాట్లో గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు కొట్టుకొస్తుంటాయి. ఇంజిను కాలికి ఉండే నీటి జాలీకి ఒక్క సంచి అడ్డం పడితే చాలు, చల్లబరిచే నీళ్ళు ఆగిపోతాయి. వెనకనుంచి చిమ్మే సన్నధార మీద కన్నుండాలి. ధార సన్నబడినా, ఆవిరి వచ్చినా వెంటనే ఆపి, ఇంజిను పైకెత్తి జాలీ శుభ్రం చెయ్యండి. జాలీ బాగానే ఉండి ధార రాకపోతే ఇంపెల్లరు (నీళ్ళు తోడే రబ్బరు చక్రం) అరిగినట్టు. ఇసుక నీళ్ళకి దాని రబ్బరు రెక్కలు త్వరగా పోతాయి. సీజను ముందు మార్చేసి, పాతది టూల్ బాక్సులో వేసుకోండి.

ఆయిలు మీ ఇంజిను పుస్తకంలో 50కి 1 అని ఉంటే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు. అంచనాగా పొయ్యకండి, తక్కువైతే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి మేట మీద ఆగిపోతుంది. పెట్రోలు మూడు వాటాలు: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, మూడోది ముట్టుకోకూడదు. విడి ప్లగ్గు, స్పానరు, మీ ప్రొపెల్లరు పిన్నుతో ఉండే రకమైతే రెండు పిన్నులు, రెండు తెడ్లు. ఇంటికొచ్చాక పది నిమిషాలు మంచినీళ్ళతో నడపాలి. అన్నట్టు, బోటు అడుగు బిరడా బిగించారో లేదో నీళ్ళలోకి తోసేముందే చూడండి. నవ్వకండి, ఎక్కువమంది మర్చిపోయేది అదే.

వశిష్ఠ_ఒడ్డు:
అందరికీ ధన్యవాదాలండి. డౌన్‌రిగ్గరు మానేశాం. ఎరకి మా పక్కన చెరువులో బతికున్న వెనామీ దొరుకుతుంది, అది పట్టుకెళ్ళొచ్చా?

మొగదారి:
బతికున్న వెనామీ వద్దండి. అది మన నీళ్ళ రొయ్య కాదు, చెరువు రోగాలు మొగలోకి మోసుకెళ్ళినట్టవుతుంది. చనిపోయినవి వాడాలన్నా అదే భయం. ఏటి రొయ్యే మేలు. రేవులో తెల్లవారుజామున వల తీసేవాళ్ళ దగ్గర వేలంత రొయ్యలు ఒక యాభై అడగండి.

బకెట్లో రొయ్య చావడానికి రెండే కారణాలు, గాలి చాలకపోవడం, నీటి ఉప్పు ఒక్కసారిగా మారడం. రొయ్య దొరికిన చోటి నీళ్ళే పొయ్యండి. బ్యాటరీతో నడిచే ఎరేటరు పెట్టండి, బకెట్టు నీడలో ఉంచి పైన తడిగోనె కప్పండి. మొగ దగ్గరికొచ్చాక ఒక చెంబు తీసి ఒక చెంబు పోస్తూ అరగంటలో నీరు మార్చండి.

గుచ్చడం ఇలా. రొయ్య తలని వెలుతురుకి పట్టుకుంటే లోపల నల్లటి మచ్చ కనిపిస్తుంది. గాలం దానికి తగలకుండా, ముందున్న కొమ్ము మొదట్లో పక్కనుంచి పక్కకి దూర్చాలి. మచ్చలో దిగిందా, రొయ్య అక్కడికక్కడే తెల్లబడి చస్తుంది. సరిగ్గా గుచ్చితే పావుగంట ఈదుతుంది. చచ్చిన రొయ్యకి మాగ రాదని కాదు గానీ, ముందు జెల్ల వచ్చి మింగేస్తుంది.

జెల్ల ముల్లు, టేకు చేప (స్టింగ్‌రే) తోక జాగ్రత్త. ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకెళ్ళండి. గుచ్చుకున్న చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, అంటే 45 డిగ్రీల దగ్గర, గంటసేపు ముంచితే నొప్పి దిగుతుంది. ఎంత వేడి ఉందో దెబ్బ లేని చేత్తో చూసుకోవాలి, లేకపోతే కాలిపోతుంది. టేకు తోకైతే లోపల ముక్క ఉండిపోవచ్చు, ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. తాబేలు తగిలితే బోటులోకి లాగకుండా లీడరు దగ్గరగా కోసి వదిలెయ్యండి. గౌతమి వైపు వెళ్ళే ఉద్దేశముంటే కోరింగ అభయారణ్యం హద్దులో అటవీశాఖ అనుమతి లేకుండా గాలం వెయ్యకూడదు.

మాగ మాంసం ఎండకి ఇట్టే మెత్తబడుతుంది. పట్టిన వెంటనే చెవుల కింద కోసి రక్తం కారనిచ్చి, చేప ఎంత బరువో ఐసు అంత బరువు వేసి, అందులో కాస్త సముద్రపు నీళ్ళు పొయ్యండి. ఉత్త గడ్డల మీద పడేస్తే తగిలిన చోటే చల్లబడుతుంది. ఇద్దరికి పది కిలోల ఐసు చాలు, నరసాపురంలో బయల్దేరేముందే దంచి పోయించుకోండి.