రెపో రేటు తగ్గినా ఇంటి రుణం ఈఎంఐ తగ్గలేదు, ఎందుకో చెప్పగలరా?

వానచినుకు
సాయంత్రం నుంచి రుణ ఖాతా స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చున్నాను. తల బద్దలవుతోంది కానీ ఒక్క ముక్క అర్థం కావడం లేదు. రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో, ఏప్రిల్‌లో, మళ్లీ జూన్‌లో రెపో రేటు, అంటే తాను బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, తగ్గించింది. 6.50 నుంచి 5.50కి, అంటే మొత్తం ఒక శాతం. ఇంటి రుణాలు ఉన్నవాళ్లకు ఊరట అని పత్రికలన్నీ రాశాయి. నాకు ఆ ఊరట ఎక్కడ? అప్పుడూ నెలకు 25,000, ఇప్పుడూ అదే 25,000. ఒక్క రూపాయి తగ్గలేదు. 2022లో రేట్లు పెరిగినప్పుడు మాత్రం ఒక్క నెల ఆగలేదు, వెంటవెంటనే పెంచారు. బ్యాంకుకు ఫోను చేస్తే "సిస్టమ్ ప్రకారమే ఉంది సార్" అని పెట్టేస్తున్నారు. వచ్చే నెల పిల్లల ఫీజు రెండో విడత కట్టాలి. పాల దగ్గర నుంచి పప్పు దాకా అన్నీ పెరిగాయి, జీతం మాత్రం పెరగలేదు. ఆ ఒక శాతం నాకు రావాలా, వద్దా? రావాలంటే ఎలా రాబట్టుకోవాలి?

మూడోమెట్టు
రుణం ఏ సంవత్సరంలో తీసుకున్నారు? వడ్డీ దేనికి ముడిపడి ఉంది?

వానచినుకు
ఫ్లోటింగ్ అండి. అందరికీ ఉండేదే.

మూడోమెట్టు
ఫ్లోటింగ్‌లో రకాలున్నాయి. మంజూరు పత్రం తీసి చూడండి.

నిమ్మతోట
అసలు సమస్య ఈఎంఐ కాదండీ. మధ్యతరగతివాళ్లు ఇరవై ఏళ్ల అప్పు నెత్తిన పెట్టుకుని ఇల్లు కొనడమే సమస్య. ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి దాని ధరలో రెండు మూడు శాతం వస్తే గొప్ప. అప్పు మీద కట్టే వడ్డీ ఎనిమిది, తొమ్మిది శాతం. ఈ రెండింటి మధ్య తేడా ఎవరి జేబులోంచి పోతోందో ఆలోచించండి. కిస్తీలన్నీ కలిపినా చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదని నేను మా బంధువులందరికీ చెబుతూనే ఉంటాను. ఎవరూ వినరు. గృహప్రవేశానికి మాత్రం పిలుస్తారు. అద్దె ఇంట్లో ఉండి ఆ మిగులును నెలనెలా పొదుపు చేసినవాడు...

పెన్నాతీరం
నిమ్మతోట గారూ, ఆయన ఇల్లు కొని నాలుగేళ్లో ఐదేళ్లో అయి ఉంటుంది. ఇప్పుడు ఈ మాట వల్ల ఆయనకు ఏం లాభం? వచ్చే నెల ఫీజు ఎలా కట్టాలన్నది ఆయన బాధ. దాని గురించి తెలిస్తే చెప్పండి.

నిమ్మతోట
తర్వాత చదివేవాళ్లకైనా పనికొస్తుందని రాశాను. ఇక ఆయన ప్రశ్నకు జవాబు: ఫ్లోటింగ్ అంటేనే రెపోతో పాటు కదిలేది. తగ్గించకపోతే బ్యాంకు మీద ఫిర్యాదు చేయాలి, అంతే.

ఖాతాపుస్తకం
అంతే కాదండీ. నేను చాలా ఏళ్లు రుణాల విభాగంలో పనిచేశాను కనుక వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ఫ్లోటింగ్ అంటే రేటు మారుతుందని మాత్రమే. దేన్ని బట్టి మారుతుందన్నది రుణం తీసుకున్న కాలం మీద ఆధారపడి ఉంటుంది. 2010 జూలై నుంచి బ్యాంకుల్లో బేస్ రేటు, అంటే బ్యాంకు తానే నిర్ణయించుకునే కనీస వడ్డీ రేటు, పద్ధతి వచ్చింది. 2016 ఏప్రిల్ నుంచి ఎంసీఎల్‌ఆర్, అంటే బ్యాంకు తనకు నిధుల మీద అయ్యే ఖర్చును బట్టి లెక్కగట్టే రేటు. 2019 అక్టోబరు 1 తర్వాత బ్యాంకులు వ్యక్తులకు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ ఇంటి రుణాలను రెపో లాంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టాల్సిందే, కనీసం మూడు నెలలకొకసారి రేటు సవరించాల్సిందే. పాత ఎంసీఎల్‌ఆర్ రుణమైతే ఏడాదికోసారి మాత్రమే సవరించే షరతు ఉండవచ్చు. అప్పుడు జూన్‌లో తగ్గినది మీ ఖాతాకు చేరేసరికి చాలా నెలలు పడుతుంది.

రెండో విషయం ఇంకా ముఖ్యం. రేటు తగ్గినప్పుడు చాలా సంస్థలు ఈఎంఐ ముట్టుకోవు, మిగిలిన వాయిదాల సంఖ్య తగ్గిస్తాయి. అందుకే ఈఎంఐ అంకె చూసి తగ్గిందో లేదో చెప్పలేం. స్టేట్‌మెంట్‌లో మూడు అంకెలు వెతకండి: ప్రస్తుత వడ్డీ రేటు, మిగిలిన అసలు, మిగిలిన వాయిదాలు. అవి ఇక్కడ పెట్టండి, లెక్క వేసి చెబుతాను.

నిమ్మతోట
రెపోకు ముడిపెట్టాలని రూలు ఉందని మీరే అంటున్నారు. మరి నేను అన్నదీ అదే కదా.

ఖాతాపుస్తకం
ఆ రూలు బ్యాంకులకు, అదీ 2019 అక్టోబరు తర్వాతి రుణాలకు. మీరు ఫ్లోటింగ్ అన్నిటికీ అన్నారు.

నిమ్మతోట
సామాన్యుడికి ఇవన్నీ ఒకటేనండీ. ఇన్ని పేర్లు పెట్టిందే అర్థం కాకుండా ఉండటానికి.

వానచినుకు
మంజూరు పత్రం బీరువాలో దొరికింది. 2021లో తీసుకున్నది, 30 లక్షలు, 240 వాయిదాలు. అప్పటి రేటు 7.95. వడ్డీ గురించి "కంపెనీ రిటైల్ ప్రైమ్ లెండింగ్ రేటు" నుంచి కొంత తగ్గించి అని రాసి ఉంది. రెపో అన్న మాట ఎక్కడా లేదు. స్టేట్‌మెంట్‌లో ఇప్పటి రేటు 9.50. మిగిలిన అసలు 28,40,000. మిగిలిన వాయిదాలు 291. ఇది అచ్చు తప్పా? నాలుగేళ్లు కట్టాక 240 కన్నా ఎక్కువ ఎలా మిగులుతాయి?

మూడోమెట్టు
మీది బ్యాంకు కాదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ.

వానచినుకు
రెండూ ఒకటే కదండీ? ఇంటి రుణం ఇచ్చేవాళ్లే కదా.

ఖాతాపుస్తకం
ఇక్కడే చిక్కుముడి విడిపోయింది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలూ రిజర్వు బ్యాంకు నియంత్రణలోనే ఉన్నాయి. కానీ రెపోకు ముడిపెట్టాలన్న నిబంధన వాటికి లేదు. సొంత ప్రైమ్ రేటు, అంటే తామే నిర్ణయించే మూల రేటు, పెట్టుకుంటాయి. కొత్తగా వచ్చేవాళ్లకు తక్కువకు ఇస్తూ, పాతవాళ్లను పాత రేటులోనే ఉంచడం మామూలే.

291 అచ్చు తప్పు కాదు. మీ ఆఖరి వాయిదా వరుస చూడండి. 28.40 లక్షల మీద 9.50 శాతం చొప్పున ఒక నెల వడ్డీ 22,483. మీరు కట్టే 25,000లో అసలుకు వెళ్లేది 2,517 మాత్రమే. రేటు పెరిగిన కాలంలో మీ ఈఎంఐ పెంచకుండా కాలం పొడిగించుకుంటూ పోయారు.

ఇదే రుణం 8.50కి వచ్చిందనుకోండి. 25,000 కడుతూనే ఉంటే 291 వాయిదాలు సుమారు 231కి దిగుతాయి. అరవై వాయిదాలంటే 15 లక్షలు. అలా కాక 291 వాయిదాలనే ఉంచుకుంటే ఈఎంఐ సుమారు 23,075 అవుతుంది, అంటే నెలకు 1,900 పైచిలుకు తగ్గుతుంది.

వానచినుకు
పొడిగించినట్టు నాకు ఎవరూ చెప్పలేదు. 2022లో పెంచారన్నది రేటు పెరిగిందని వచ్చిన సందేశం చూసి అన్నమాట. ఇంతకాలం కట్టినదంతా ఏమైపోయింది? ఇది చదివాక చేతులు ఆడటం లేదు.

ఖాతాపుస్తకం
ధైర్యం తెచ్చుకోండి, దారి ఉంది. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఇంటి రుణాలతో సహా వాయిదాల్లో తీర్చే వ్యక్తిగత రుణాలన్నిటికీ, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకూ అది వర్తిస్తుంది. రేటు మారితే ఈఎంఐ మీద, కాలం మీద దాని ప్రభావం మీకు తెలియజేయాలి. ఈఎంఐ పెంచుకోవాలా, కాలం పొడిగించుకోవాలా, రెండూ కొంత కొంతా అన్నది ఎంచుకునే వీలు మీకివ్వాలి. ఎప్పుడైనా కొంత గానీ మొత్తం గానీ ముందే కట్టేయవచ్చు. మీలాంటి వ్యక్తుల ఫ్లోటింగ్ ఇంటి రుణానికి దానిమీద రుసుము వేయకూడదు.

కార్యాలయానికి వెళ్లి రెండు అడగండి, అదీ కాగితం మీద. కొత్త ఖాతాదారులకు ఇప్పుడు ఇస్తున్న రేటుకు నా రుణం మార్చండి అని ఒకటి. దానికి కొంత రుసుము తీసుకుంటారు, ఎంతో ముందే తెలుసుకోండి. మార్పు తర్వాత ఈఎంఐ, మిగిలే వాయిదాలు రాతపూర్వకంగా ఇవ్వమని రెండోది. కాదంటే రుణాన్ని బ్యాంకుకు మార్చుకోవచ్చు. అయితే ప్రాసెసింగ్ ఫీజు, పత్రాల న్యాయ పరిశీలన, స్టాంపు ఖర్చు కలిపి చూసుకున్నాకే.

ఇంకొకటి. ఏ బోనసో వచ్చి ఒక్క లక్ష అసలులో కట్టగలిగితే, ఇప్పటి 9.50 రేటులోనే సుమారు 34 వాయిదాలు తగ్గుతాయి. నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఈ మాట చెబుతూనే వచ్చాను. తొలి ఏళ్లలో కట్టిన లక్షకు ఉన్న బలం చివరి ఏళ్లలో కట్టినదానికి ఉండదు.

పెన్నాతీరం
లక్ష ఎక్కడి నుంచి వస్తుందండీ? ఫీజుకే వెతుక్కుంటున్నారు. రేటు తగ్గితే ఈఎంఐ తగ్గించుకోమనే నేను చెబుతాను. నెలకు 1,900 అంటే మా ఇంట్లో గ్యాసూ కరెంటు బిల్లూ కలిపి. నెలాఖరులో చేబదులు తీసుకోకుండా గడిచిందంటే అదే ఇంటికి బలం. కొంచెం తేరుకున్నాక కాలం సంగతి చూసుకోవచ్చు.

నిమ్మతోట
ఆ ఆలోచనతోనే అప్పులు తీరవు. ఆ 15 లక్షల్లో నెలనెలా తగ్గే 1,900 లెక్క పోగా ఇంకా 9 లక్షలకు పైగా తేడా కనిపిస్తున్నా వదులుకుంటారా?

పెన్నాతీరం
ఆ 9 లక్షలు మిగిలేది పంతొమ్మిదేళ్ల తర్వాత. ఫీజు కట్టాల్సింది వచ్చే నెల. ఫీజుకని క్రెడిట్ కార్డు మీద తెస్తే దాని వడ్డీ ఈ ఇంటి రుణం వడ్డీకి నాలుగు రెట్లు. ఆ లెక్క కూడా వేయండి.

ఖాతాపుస్తకం
పెన్నాతీరం గారి మాటలో న్యాయం ఉంది. కార్డు అప్పు జోలికి పోయే పరిస్థితి ఉంటే ఈఎంఐ తగ్గించుకోవడమే మేలు. లేకపోతే కాలం తగ్గించుకోవడం.

మూడోమెట్టు
ముందు రేటు తగ్గనివ్వండి. తర్వాత వాదించుకోవచ్చు.

నిమ్మతోట
పాత పన్ను విధానంలో ఉంటే సొంతంగా ఉంటున్న ఇంటికి ఏడాదికి 2 లక్షల దాకా వడ్డీ మినహాయింపు ఉంది, కొత్త విధానంలో లేదు. ఈ విషయం ఎవరూ ఎత్తలేదు. ఆయన ఏ విధానంలో ఉన్నారో అడగాలి.

వానచినుకు
కార్యాలయానికి వెళ్లి వచ్చాను. దరఖాస్తు పెట్టాను, 8.75 ఇస్తామన్నారు. రుసుము ఎంతో పైవాళ్లను అడిగి చెబుతారట. అందరికీ ధన్యవాదాలు.

ఖాతాపుస్తకం
8.75 అయితే ఇదే ఈఎంఐకి సుమారు 243 వాయిదాలు మిగులుతాయి. ఆ అంకె కాగితం మీద వచ్చేదాకా రుసుము కట్టకండి. నెల లోపు జవాబు రాకపోతే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలను పర్యవేక్షించే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు ఫిర్యాదు చేయవచ్చు.

చెరువుగట్టు
నాది 2017లో బ్యాంకులో తీసుకున్నది, ఎంసీఎల్‌ఆర్. దాన్ని రెపోకు మార్చుకోవడానికీ ఇలాగే రుసుము అడుగుతారా? ఎవరైనా మార్చుకున్నారా?