విజయవాడ–ఇటార్సీ గూడ్సు కారిడార్: కొత్త లైను కావాలా, ఉన్న లైను పక్కన ఇంకో రెండు వేస్తే చాలదా?

కృష్ణాతీరం
2021-22 కేంద్ర బడ్జెట్‌లో మూడు కొత్త సరుకు రవాణా కారిడార్లు (గూడ్సు బండ్లకి మాత్రమే వేసే లైన్లు) ప్రకటించారు: ఖరగ్‌పూర్–విజయవాడ, భుసావల్–ఖరగ్‌పూర్–డంకుని, ఇటార్సీ–విజయవాడ. మూడోది సుమారు 975 కి.మీ. నాగ్‌పూర్, బల్లార్షా, కాజీపేట దారిలో మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణ దాటి మన దగ్గరికొస్తుంది. సర్వేలు, డీపీఆర్‌లు (ప్రాజెక్టు నివేదికలు) అంటున్నారే గానీ గడ్డపార పడింది లేదు.

నన్నడిగితే పడకపోవడమే మంచిది. ముందు కట్టిన తూర్పు, పశ్చిమ కారిడార్ల సంగతి చూడండి. వాటిని కట్టడానికి కంపెనీ పెట్టింది 2006లో. 2015లో కేబినెట్ ఒప్పుకున్న లెక్క 81,459 కోట్లు, తర్వాత అది లక్షా 24 వేల కోట్లకు ఎక్కింది. పశ్చిమ కారిడార్‌లో జేఎన్‌పీటీ (ముంబై దగ్గరి రేవు) వైపు చివరి ముక్క పని 2025లో కూడా సాగుతూనే ఉంది. తూర్పు కారిడార్‌లో సోన్‌నగర్–డంకుని ముక్కని ప్రైవేటు భాగస్వామ్యంతో కడతామన్నారు, చివరికి దాన్ని కారిడార్‌లోంచే తప్పించారు.

ఇక్కడ చూస్తే విజయవాడ–కాజీపేట మూడో లైను 2012-13లో, కాజీపేట–బల్లార్షా మూడో లైను 2015-16లో మంజూరయ్యాయి. అవే పదేళ్లు దాటినా ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటూ వచ్చాయి. వాటిని ముగించి, పక్కనే నాలుగోది వేస్తే పోయేదానికి మళ్లీ కొత్త భూసేకరణ, కొత్త కంపెనీ ఎందుకు?

బ్రేక్‌వ్యాన్ బాబాయ్
ఈ సెక్షన్‌లోనే గూడ్సు గార్డుగా చేసి రిటైరైనవాణ్ణి, నాలుగు మాటలు చెప్పనివ్వండి.

రాత్రి పదకొండింటికి డోర్నకల్ దాటిన బొగ్గు రేకుని, అంటే గూడ్సు బండి మొత్తాన్ని, గార్ల లూపులో (బండ్లని పక్కన ఆపే లైనులో) పెట్టారనుకోండి, ఇక ఒకదాని వెనక ఒకటి ఎక్స్‌ప్రెస్‌లు మొహాన దుమ్ము కొట్టి పోతుంటాయి. బ్రేక్‌వ్యాన్‌లో ఫ్యాను లేదు, మరుగుదొడ్డి లేదు. టార్చి, జెండాలు, నీళ్ల క్యాను, దోమలు. సిగ్నల్ పడే వేళకి డ్రైవరు డ్యూటీ గంటలు నిండిపోతాయి. ఇంకో డ్రైవర్ని పంపేదాకా నాలుగు వేల టన్నుల బొగ్గు అక్కడే. దేశంలో గూడ్సు సగటు వేగం గంటకి పాతిక కిలోమీటర్ల దరిదాపుల్లో ఉందంటే కారణం ఇంజను కాదు. నిలబడ్డ టైమే అంతా మింగేస్తుంది.

మూడో లైను వేశాక గూడ్సుకి దారి దొరుకుతుందని కృష్ణాతీరం గారి నమ్మకం. దొరకదండీ. లైను ఖాళీ అయిందని తెలియగానే ఇంకో వందే భారత్, ఇంకో పండగ స్పెషల్. మా ఊళ్లో హాల్టు ఇవ్వండని అడిగిన ఎంపీలని చూశాను గానీ, గూడ్సుకి దారివ్వండని అడిగినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. దాని పట్టాలు దానికి, దాని కంట్రోలు దానికి ఉంటేనే గూడ్సు కదులుతుంది. తూర్పు, పశ్చిమ కారిడార్లలో జరిగిందదే.

బెల్లంపల్లి బిడ్డ
బాబాయ్ మాటకు నేను సై. కానీ నా లొల్లి వేరే ఉన్నది.

2024 సెప్టెంబర్ 1న యాదికి తెచ్చుకోండ్రి. కేసముద్రం, ఇంటికన్నె నడుమ వరదకు కంకర కొట్టుకపోయి పట్టాలు గాల్ల ఏలాడినయ్. వందల బండ్లు రద్దయినయ్, మిగిలినయి ఏడేడికెల్లో తిరిగి పోయినయ్. ఢిల్లీ నుంచి మద్రాసు పోయే పెద్ద లైను, దానికి ఆ ఒక్క సందే దిక్కు. గిప్పుడు మూడోది, నాలుగోది దాని పక్కపొంటే ఏసినమనుకో, మళ్ల గసోంటి వాన పడితే నాలుగూ ఒక్కపాలే పోతయ్. కొత్త లైను అంటే వేరే దిక్కుకెల్లి ఏసుడే. అప్పుడే పైసలకు ఇలువ.

కృష్ణాతీరం అన్నా, ఇంకో ముచ్చట. తాడోబా నుంచి కవ్వాల్ దిక్కు పులులు వచ్చే తొవ్వ మా కాగజ్‌నగర్ అడవులల్లకెల్లే ఉన్నది. ఉన్న కాడనే లైన్ల మీద లైన్లు పెంచుకుంట పోతే జంతువు దాటెటట్టు కింద దారులు కట్టాలె. ఆ ఖర్చు నీ లెక్కల ఏసినవా?

పది టైర్ల బండి
అందరూ పట్టాల గురించే. సరుకు పెట్టేవాడి బాధ ఎవడికీ పట్టలేదు.

2020 జూలైలో గుంటూరు పక్కన రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లో బేనాపోల్‌కి ఎండుమిర్చి పార్సిల్ రైలు వెళ్లింది. 16 పెట్టెలు, 384 టన్నులు. టన్నుకి రోడ్డు మీదైతే 7,000, ఆ రైల్లో 4,608 అని రైల్వేవాళ్లే చెప్పారు. అంత చవకైతే మావోళ్లు అన్నేళ్లూ లారీలు ఎందుకు కట్టుకున్నట్టు? గూడ్సు రేకు కావాలంటే 1,500 టన్నులు ఒక్కసారే పోగెయ్యాలి. ఒక్క వ్యాపారి దగ్గర అంత సరుకు ఎప్పుడుంటుంది? పార్సిల్ రైల్లో 500 టన్నుల లోపు సరుకైనా తీసుకున్నారు కాబట్టి పని జరిగింది.

గూడ్సు షెడ్డు దాకా ఒక లారీ, అక్కడ హమాలీ, దిగినచోట మళ్లీ హమాలీ, మళ్లీ లారీ. మధ్యలో వానొస్తే సరుకు మీద టార్పాలిన్ కప్పే దిక్కుండదు. నేను యార్డులో ఎక్కించుకుని నాగ్‌పూర్‌లో కొట్టు ముందు దించుతా. పశ్చిమ కారిడార్‌లో రేవాడి, పాలన్‌పూర్ మధ్య లారీలనే వ్యాగన్ల మీదికి ఎక్కించి తీసుకెళ్తున్నారు. విజయవాడ నుంచి నాగ్‌పూర్‌కి అట్లాంటిది పెట్టండి, నా బండి రేపే ఎక్కిస్తా. బొగ్గుకి తప్ప పనికిరాని లైనైతే మాకెందుకు చెప్పండి.

ఉక్కునగరం
ఇటార్సీ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఖరగ్‌పూర్–విజయవాడ కావాలి. విశాఖ, గంగవరం, కాకినాడ, మూడు రేవులూ ఆ దారిలోనే. ఎవరైనా దీని గురించి మాట్లాడతారా?

లెక్కల మాస్టారు
ఉక్కునగరం గారికి ముందు. కోస్తా కారిడార్ పొడవు సుమారు 1,115 కి.మీ. దాని పొడవునా పక్కనే ఇంకో దారి ఉంది, సముద్రం. తాల్చేరు బొగ్గు పారాదీప్ దాకా రైల్లో వచ్చి, అక్కడ ఓడెక్కి దక్షిణాది థర్మల్ కేంద్రాలకి ఇప్పటికే వెళ్తోంది. ఓడకి భూసేకరణ లేదు, గోదావరి మీద కొత్త వంతెన అక్కర్లేదు. ఖుర్దా రోడ్–విజయనగరం మూడో లైనుకి కూడా అనుమతి వచ్చింది. బల్లార్షా దారికి ఇలాంటి ప్రత్యామ్నాయం లేదు. నాగ్‌పూర్‌కి ఓడ పోదు. ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే లోపలి లైనుకే పెట్టాలంటాను.

ఇక అసలు చర్చ. 975 కి.మీ.కీ ఒకటే జవాబు ఉండాలని అందరూ ఎందుకు పట్టుబడుతున్నారో అర్థం కావట్లేదు. ఇటార్సీ–నాగ్‌పూర్ మధ్య ధారాఖో–మరామ్‌ఝిరి ఘాటు (కొండ ఎక్కే దారి) ఉంది. అక్కడ గూడ్సుకి వెనక బ్యాంకర్ ఇంజన్లు తగిలించి తొయ్యాలి. కారిడార్ ప్రమాణం ప్రకారం ఎక్కుడు 200 మీటర్లకి ఒక మీటరు మించకూడదు. ఆ కొండ మీద పాత లైను పక్కనే ఇంకో రెండు వేస్తే అదే ఎక్కుడు, అవే బ్యాంకర్లు. అక్కడ కొత్త దారి తప్పదు. నాగ్‌పూర్–బల్లార్షా మధ్య అలాంటి ఇబ్బంది లేదు, ఉన్న లైను పక్కనే పోవచ్చు. కాజీపేట–డోర్నకల్ ముక్కలో బెల్లంపల్లి తమ్ముడి మాటే నా మాట, అక్కడ పక్కకి జరగాలి.

ఇంకో విషయం. కారిడార్ అంటే ఇరుసుకి 25 టన్నులు, మామూలు లైన్ల మీద ఎక్కువచోట్ల 22.9. కారిడార్‌లో రైలు కిలోమీటరున్నర పొడవు ఉండొచ్చు, మన లూపులు దాదాపు ఏడొందల మీటర్లకే కట్టినవి. పశ్చిమ కారిడార్‌లో కంటైనర్ మీద కంటైనర్ పెట్టడానికి కరెంటు తీగని ఏడున్నర మీటర్ల ఎత్తుకి లేపారు. పాత లైను పక్కన నాలుగో లైను వేసి, పాత ఫ్లైఓవర్లు అలాగే ఉంచితే ఇవేవీ రావు. అప్పుడు కృష్ణాతీరం గారు చెప్పిన చవక లైను నిజంగానే చవకగా వస్తుంది, పని కూడా అంతే చేస్తుంది.

కృష్ణాతీరం
మాస్టారూ, మీ లెక్కంతా బొగ్గు ఇలాగే నడుస్తుందన్న నమ్మకం మీద ఉంది. రైల్వే ఎత్తే సరుకులో సగం దాకా బొగ్గే. 2070కి నికర కర్బన ఉద్గారాలు సున్నా చేస్తామని దేశం మాటిచ్చింది. ఈ లైను కట్టడానికే పదిహేనేళ్లు పట్టేలా ఉంది. తీరా కట్టాక బొగ్గు తగ్గితే ఏం ఎక్కిస్తారు? నాలుగో లైనైతే అప్పుడు ప్రయాణికుల బండ్లైనా నడుస్తాయి. బాబాయ్ గారు దాన్నే లోపం అంటున్నారు, నాకది బీమా.

మధిర పొలం
రెండు ఎకరాలు పోయినవాడిగా అడుగుతున్నా, ఎవరైనా జవాబు చెప్పండి.

నాగ్‌పూర్–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ హైవే, అదే 163జీ, మంచిర్యాల, వరంగల్, ఖమ్మం మీదుగా ఇప్పుడే కడుతున్నారు. మీరు గీస్తున్న రైలు గీత కూడా ఇంచుమించు అదే దారి. హైవేకి భూమి తీసుకున్నప్పుడే పక్కన రైలుకి కూడా తీసుకుని ఉంటే ఒకే సర్వే, ఒకే పరిహారం, ఒకేసారి ఏడుపు. ఇప్పుడు హైవే ఒక పక్క కోసింది, రేపు కారిడార్ ఇంకో పక్క కోస్తుంది. మధ్యలో మిగిలిన పొలానికి ట్రాక్టరు ఎట్లా పోవాలి? కారిడార్‌కి గేట్లు ఉండవు, కింద దారి ఇస్తామంటారు. వానాకాలం ఆ కింద దారిలో నడుం లోతు నీళ్లు. పత్తి తీసే రోజుల్లో ఐదు కిలోమీటర్లు చుట్టు తిరగాలి.

మాస్టారు కాజీపేట–డోర్నకల్ దగ్గర పక్కకి జరగాలన్నారు. ఆ పక్కన ఉండేది కూడా మాలాంటోళ్లమే సార్.

లెక్కల మాస్టారు
మీ ప్రశ్న న్యాయమైంది. హైవే ఒక శాఖది, రైలు ఇంకో శాఖది కావడం వల్ల మీ పొలం రెండుసార్లు కోతపడుతోంది. అందుకే కొత్త భూమి తక్కువ తీసుకునే దారి ఒకటి చెప్తాను, తప్పుంటే దిద్దండి.

కారిడార్ విజయవాడకే ఎందుకు రావాలి? అక్కడ ప్లాట్‌ఫారాలకే చోటు లేదు. కృష్ణపట్నం పోయే సరుకుకి విజయవాడతో పనేంటి? మోటుమర్రి దగ్గర పక్కకి తిరిగితే జగ్గయ్యపేట, మేళ్లచెరువు, విష్ణుపురం లైను ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలు, దామరచర్ల యాదాద్రి థర్మల్ కేంద్రం అన్నీ ఆ దారిలోనే. ఆ 88.8 కి.మీ. డబ్లింగ్‌కి (పక్కన రెండో లైను వెయ్యడానికి) 2024 ఫిబ్రవరిలో కేబినెట్ ఒప్పుకుంది. అక్కణ్ణుంచి నడికుడి, నడికుడి–శ్రీకాళహస్తి కొత్త లైను మీద వెంకటగిరి దాకా వచ్చి కృష్ణపట్నం వైపు పోవచ్చు. రేవు నుంచి కడప వైపు వెళ్లాల్సినవాటికి ఓబులవారిపల్లె లైను 2019లోనే తెరిచారు, వెలిగొండల్లో ఆరున్నర కిలోమీటర్ల సొరంగంతో. ఇవన్నీ ఎప్పుడో మంజూరైన లైన్లు. వీటిని కారిడార్ ప్రమాణానికి లేపితే చాలు.

పది టైర్ల బండి
నడికుడి–శ్రీకాళహస్తి 2011-12లో మంజూరైంది మాస్టారూ. దర్శి, పొదిలి వాళ్లని అడగండి దాని సంగతి.

బ్రేక్‌వ్యాన్ బాబాయ్
పైగా అది సింగిల్ లైను. ఎదురు బండి వస్తే మళ్లీ లూపే.

మాస్టారి దారి బాగానే ఉంది గానీ అసలు చిక్కు మోటుమర్రిలోనే. ఖమ్మం నుంచి దిగే గూడ్సు జగ్గయ్యపేట వైపు తిరగాలంటే విజయవాడ నుంచి పైకి వచ్చే లైనుని అడ్డంగా కోసుకుని పోవాలి. దాదాపు ఏడొందల మీటర్ల రేకు అలా దాటేదాకా పైకి పోయే బండ్లన్నీ ఆగాల్సిందే. ఏ కంట్రోలరూ పగటిపూట ఆ పని చెయ్యడు. అందుకే డబ్లింగ్‌తో పాటు అక్కడ లైను మీద లైను వంతెన కూడా మంజూరు చేశారు. ముందు ఆ వంతెన లేవాలి. అది లేవకుండా మీరు ఎన్ని గీతలు గీసినా మా గూడ్సు ఎర్రుపాలెం లూపులోనే ఉంటుంది.