డిగ్రీ చివరి సెమిస్టరు ఇంటర్న్‌షిప్‌కా, తరగతి గదికా?

విద్యార్థి తండ్రి, విజయవాడ:
2020-21లో చేరిన బ్యాచ్ నుంచి మన రాష్ట్ర డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. అందులో ఒక సెమిస్టరు పూర్తిగా దానికే పోతుంది. మా అబ్బాయి తోటివారు కొందరు ఎవరికో డబ్బు కట్టి, నాలుగు వీడియోలు చూసి సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. ఆ సెమిస్టరును రద్దు చేసి, కళాశాలలోనే పైథాన్ ప్రోగ్రామింగ్, డేటా ఎనలిటిక్స్ నేర్పడం మేలని నా అభిప్రాయం.

కామర్స్ అధ్యాపకురాలు, గుంటూరు:
సర్టిఫికెట్ల విషయంలో మీ ఆవేదన న్యాయమైనదే గానీ, అందుకు ఇంటర్న్‌షిప్‌నే తీసేయడాన్ని నేను ఒప్పుకోలేను. డిజిటల్ ఉద్యోగం అనగానే మనకు హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలే గుర్తుకొస్తాయి. కానీ 2017లో జీఎస్టీ, 2018లో ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) వచ్చాక ఆటోనగర్‌లోని విడిభాగాల దుకాణాలకూ, లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకూ, గుంటూరు మిర్చి ఎగుమతిదారులకూ కంప్యూటరు మీద లెక్కలు చూసే మనిషి లేనిదే రోజు గడవదు. అమ్మినవారు తమ జీఎస్టీ రిటర్నుల్లో చూపిన బిల్లులతో ప్రతి నెలా 14న పోర్టల్‌లో వచ్చే జీఎస్టీఆర్-2బీ పట్టికను దుకాణం కొనుగోలు పద్దుతో సరిచూడాలి. అమ్మిన వ్యాపారి తన రిటర్నులో చూపని ఇన్‌వాయిస్‌పై కొన్నవారికి ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) రాదు. పట్టికలో, పద్దులో ఇన్‌వాయిస్ నంబరు ఒక్క గీత తేడాతో ఉన్నా ఎక్సెల్ ఫార్ములా ఆ రెండింటినీ వేరువేరుగానే చూస్తుంది. అవి ఎందుకు కలవలేదో పట్టుకొని, సరఫరాదారుకు ఫోన్ చేసి మర్యాదగా సరిచేయించడం అసలు బిల్లులు ముందుంటేనే అలవడుతుంది. ఆ కష్టం తెలిసిన విద్యార్థి పైథాన్ నేర్చుకుంటే దానితో ఏ పని చేయించాలో అతనికి తెలుస్తుంది.

బీకాం మూడో సంవత్సరం విద్యార్థిని, గుంటూరు:
మేడం, మీరు చెప్పిన పని మాకు ఎవరూ అప్పగించలేదు. మా తరగతిలో చాలామందికి ఇంట్లో ఫోన్ తప్ప కంప్యూటరు లేదు, కళాశాల ల్యాబ్‌ను ప్రాక్టికల్ గంటల్లో తప్ప తెరవరు. ఎక్సెల్‌లో చేయి తిరగనివాళ్లమని తెలియగానే ఆఫీసులో మమ్మల్ని ఫైళ్లు సర్దడానికి పెట్టారు.

కామర్స్ అధ్యాపకురాలు, గుంటూరు:
మీరు చెప్పింది నిజమమ్మా, ఆ లోటు కళాశాలదే. రెండో సంవత్సరం నుంచే ల్యాబ్‌ను సాయంత్రం ఏడు వరకు తెరిచి ఉంచాలి. ఇంటర్న్‌షిప్ కాలంలో అధ్యాపకులు పదిహేను రోజులకొకసారి ఆ ఆఫీసుకు వెళ్లి, విద్యార్థి చేసిన పనిని అక్కడే చూడాలి; వైవాలో ప్రశ్నలు సర్టిఫికెట్ మీద కాక ఆ పని మీదే అడగాలి. అప్పుడు కొన్న సర్టిఫికెట్‌కు మార్కులు రావు. అయితే ఈ రాకపోకలను మా బోధనా గంటల్లో లెక్కించాలి. లెక్కించకపోతే, ఇప్పటికే అతిథి అధ్యాపకులతో నెట్టుకొస్తున్న విభాగాల్లో ఈ పనికి ఎవరూ ముందుకు రాలేరు.