పెద్దవారిలో టాన్సిల్స్ ఆపరేషన్: కోబ్లేషనా, పాత డిసెక్షనా?

ప్రశ్న (గుంటూరు నుంచి):
నమస్కారం. మా చెల్లెలికి 26 ఏళ్లు. మూడేళ్లుగా ఏటా నాలుగైదుసార్లు టాన్సిల్స్ వాచి, జ్వరం వచ్చి, యాంటీబయాటిక్స్ కోర్సు పూర్తిచేస్తే గాని తగ్గడం లేదు. ఒక ఈఎన్‌టీ వైద్యుడు పాత డిసెక్షన్ పద్ధతిలో (మామూలు పరికరాలతో విడదీసి) తీసేస్తామన్నారు. మరొకరు కోబ్లేషన్ (రేడియో తరంగాల శక్తితో, తక్కువ వేడిలో కణజాలాన్ని తొలగించే పద్ధతి) అయితే నొప్పి, రక్తస్రావం రెండూ ఉండవంటూ దాదాపు రెట్టింపు ఖర్చు చెప్పారు. పరిశోధనలు ఏమంటున్నాయో తెలిసినవారు వివరించగలరు. అసలు ఆపరేషన్ అవసరమా, మందులతో నెట్టుకురాలేమా అని మా అమ్మ అడుగుతోంది.

సమాధానం 1 (ఈఎన్‌టీ వైద్యుడు, విశాఖపట్నం):
రెండూ ఉండవన్న మాటను మాత్రం నమ్మకండి. ఇంగ్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో 2003 జూలై నుంచి 2004 సెప్టెంబరు వరకు ఈ ఆపరేషన్ చేయించుకున్న 33,921 మంది వివరాలను పరిశీలించినప్పుడు, డయాథర్మీ (విద్యుత్ వేడితో కోసే పద్ధతి), కోబ్లేషన్‌ల కంటే, మామూలు పరికరాలతో టాన్సిల్‌ను విడదీసి రక్తనాళాలకు దారంతో ముడివేసిన వారిలోనే తరువాతి రక్తస్రావం తక్కువగా కనిపించింది. అయితే అది లాటరీ పద్ధతిలో రోగులను విభజించి చేసిన అధ్యయనం కాదు; అప్పటికి కోబ్లేషన్ చాలామంది సర్జన్లకు కొత్త కూడా. ఇక నొప్పి విషయానికొస్తే, అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారం కోబ్లేషన్‌లో మొదటిరోజు కాస్త తక్కువ, వారం తిరిగేసరికి పెద్ద తేడా లేదు, పైగా ఆ ఆధారాలు అంత గట్టివి కావు. ఆ కాస్త తేడాకు రెట్టింపు ఖర్చు పెట్టమని నేనైతే చెప్పను.

టాన్సిల్ పైపొరను ఉంచి లోపలి భాగాన్ని మాత్రమే తీసే పద్ధతి కూడా ఒకటుంది. అందులో నొప్పి తక్కువే గాని, మిగిలిన కణజాలం మళ్ళీ పెరగవచ్చు. కోబ్లేషన్‌తో ఇలా కూడా చేస్తారు, టాన్సిల్ మొత్తాన్నీ తీస్తారు; కాబట్టి ఆ రెండో వైద్యుడు చెప్పిన కోబ్లేషన్ ఏ రకమో అడగండి.

సమాధానం 2:
అమ్మగారి సందేహానికి జవాబు బ్రిటన్‌లోని 27 ఆసుపత్రుల్లో 16 ఏళ్లు దాటిన 453 మందిపై జరిగి, 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన నాట్టినా అధ్యయనంలో ఉంది. రెండేళ్ల వ్యవధిలో గొంతునొప్పి బాధించిన రోజుల మధ్యస్థ సంఖ్య ఆపరేషన్ వర్గంలో 23, మందులతో వేచిచూసిన వర్గంలో 30. ప్రయోజనం నిజమే, కానీ ఆపరేషన్ చేయించుకున్నవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి రక్తస్రావమైంది. ఆపరేషన్ సూచించాలంటే గొంతు ఇన్ఫెక్షన్ ఏడాదిలో 7 సార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏటా 5, లేదా మూడేళ్లు ఏటా 3 సార్లు రావాలన్న పారడైజ్ ప్రమాణాలు మొదట పిల్లల కోసం పుట్టినవైనా, పెద్దవారికీ వాటినే చూస్తారు. మీ చెల్లెలి గురించి మీరు చెప్పిన లెక్క వాటికి సరిపోతుంది. తేదీలతో ఉన్న పాత ప్రిస్క్రిప్షన్లు తీసుకెళ్ళండి.

సమాధానం 3 (ఆపరేషన్ చేయించుకున్నవారు):
నాకు డిసెక్షన్ చేశారు. మూడోరోజుకు తగ్గుతుందనుకున్న నొప్పి అయిదోరోజుకు చెవుల్లోకి పాకింది. గొంతులో తెల్లటి పొర చూసి చీము అనుకుని భయపడ్డాను. మానే పుండుపై అది సహజమేనట. అది ఊడే సమయంలో, అంటే సుమారు 5 నుంచి 10 రోజుల మధ్య, రక్తం రావచ్చు. అందుకే ఆ రోజుల్లో దూరప్రయాణాలు పెట్టుకోకండి. అర్ధరాత్రి రక్తం కనిపిస్తే అక్కడ ఈఎన్‌టీ వైద్యుడు అందుబాటులో ఉంటారో లేదో ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రిలో కనుక్కోండి.