జైలు తీసేసి జరిమానా పెట్టారు: ఫ్యాక్టరీల కాలుష్యం ఆగుతుందా?

నక్కవాగు రైతుబిడ్డ

మాది పటాన్‌చెరు అవతల నక్కవాగు ఒడ్డున ఒక ఊరు. ఈ వాగు పోయి మంజీరలో కలుస్తుంది. మా నాయిన చిన్నప్పుడు ఇందులో నీళ్లు తాగేవారట. నాకు ఊహ తెలిసేసరికి బర్రెలు కూడా మూతి పెట్టడం మానేశాయి.

పోయిన వానాకాలం ఒక రాత్రి జోరువానలో కల్వర్టు మీద ఒక ట్యాంకర్ లైట్లు ఆర్పేసి ఆగింది. మేం నలుగురం టార్చిలైట్లు పట్టుకుని పోయేలోపే కదిలిపోయింది. తెల్లారి చూస్తే వాగులో మోకాలెత్తు నురగ, కుళ్లిన కోడిగుడ్ల కంపు. దిగువన మా రెండెకరాల నాటు మూడు రోజుల్లో కొసలు ఎర్రబడి మాడిపోయింది. ఫిర్యాదు చేస్తే కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు నాలుగో రోజు వచ్చి శాంపిల్ పట్టుకుపోయారు. అంతా పరిమితుల లోపలే ఉందని రిపోర్టు వచ్చింది. మూడు రోజులు వాన కడిగిన వాగులో ఇంకేం దొరుకుతుంది?

అసలు ప్రశ్న ఇది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఉల్లంఘనకు ఐదేళ్ల దాకా జైలు ఉండేది. జన్‌విశ్వాస్ చట్టంతో 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని తీసేసి 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టారు. గాలి చట్టాన్నీ అలాగే మార్చారు. 1974 నాటి నీటి చట్టానికి కూడా 2024లో ఇలాంటి సవరణే వచ్చింది, కాకపోతే అసెంబ్లీ తీర్మానం చేసి ఒప్పుకున్న రాష్ట్రాల్లోనే అది వర్తిస్తుంది. ఇది తప్పని నా అభిప్రాయం. కోట్ల టర్నోవర్ ఉన్నవాడు 15 లక్షలను డీజిల్ ఖర్చులో రాసుకుంటాడు. జైలు మళ్లీ పెట్టాలి. మీరేమంటారు?

జీడిమెట్ల చిన్న యూనిట్

తమ్ముడూ, మీ నాటు మాడిపోయినందుకు బాధగా ఉంది. కానీ జైలు విషయంలో మీతో ఏకీభవించను.

నేను 20 ఏళ్లుగా బల్క్ డ్రగ్ ఇంటర్మీడియట్స్ (మందుల తయారీలో వాడే రసాయనాలు) చేసే చిన్న యూనిట్ నడుపుతున్నాను. జైలు శిక్ష పుస్తకంలో ఉన్నన్నాళ్లూ దానితో జరిగింది ఒక్కటే. ఒకసారి తనిఖీకి వచ్చిన ఒక ఆఫీసర్ సెక్షన్ నంబర్ చెప్పి, టీ తాగుతూ రేటు చెప్పాడు. కేసు పెడితే మేజిస్ట్రేట్ కోర్టులో ఏళ్ల తరబడి వాయిదాలు. నిజంగా కాలుష్యం చేసినవాడు లాయర్‌ను పెట్టుకుని నిశ్చింతగా ఉంటాడు, రికార్డు సరిగ్గా రాయనివాడు టెన్షన్‌తో బీపీ తెచ్చుకుంటాడు. జరిమానా అయితే త్వరగా పడుతుంది. కట్టకపోతే అప్పుడు మూడేళ్ల దాకా జైలు కొత్త చట్టంలోనూ ఉంది, అది మీరు చెప్పలేదు.

ఇంకో మాట. నేను వ్యర్థజలాలను కిలోలీటర్‌కు ఇంత అని కట్టి కామన్ ప్లాంటుకు, అంటే అందరి వ్యర్థజలాలను కలిపి శుద్ధి చేసే చోటికి, పంపుతాను. మీ వాగులో పారబోసేవాడికి ఆ ఖర్చు లేదు కాబట్టి మార్కెట్లో నాకంటే తక్కువ ధరకు అమ్ముతాడు. వాడు మీకెంత శత్రువో నాకూ అంతే.

నక్కవాగు రైతుబిడ్డ

అన్నా, మూడేళ్ల సంగతి నిజమే, వదిలేశాను. అయినా అది డబ్బు కట్టనందుకు పడే జైలు, వాగును చంపినందుకు కాదు.

సాగరతీరం (విశాఖ)

జైలు భయం లేకపోతే ఏమవుతుందో, ఉన్నా ఏమవుతుందో మా ఊళ్లో రెండూ కనబడ్డాయి. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విషరసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ కూలిపోయిన మనుషుల దృశ్యాలు దేశమంతా చూసింది. తమకు చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని అంతకు ఏడాది ముందే, 2019 మేలో, కంపెనీ తనంతట తానే అఫిడవిట్‌లో రాసిచ్చింది. ఆ కాగితం ఫైల్లో ఉంది, ప్లాంటు నడుస్తూనే ఉంది. అప్పటికి ఐదేళ్ల జైలు చట్టంలో చెక్కుచెదరకుండా ఉంది.

జులైలో సీఈఓతో సహా 12 మందిని అరెస్టు చేశారు. అదీ మనుషులు పోయాక. ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 50 కోట్లు జమ చేయమంది, అదీ తర్వాతే. కాబట్టి శిక్ష ఏది అన్నదాని కన్నా, ఫైల్లో కాగితం చూసినవాడు లేచి వచ్చి ప్లాంటు ఎందుకు ఆపలేదన్నది నాకు పెద్ద ప్రశ్న. కరెంటు, నీళ్లు కట్ చేయించి మూయించే అధికారం నీటి చట్టం 33ఏ సెక్షన్ కింద మండలికి 1988 నుంచి ఉంది. దానికి ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు.

ఊరి డాక్టర్

ఈ చర్చలో ఆరోగ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను. మీ ప్రాంతంలో డాక్టర్ కిషన్‌రావు గారు దశాబ్దాల పాటు దీని మీద కొట్లాడిన సంగతి మీకు తెలిసే ఉంటుంది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి అధ్యయనం ప్రచురించింది. 90 దాకా మందుల కంపెనీల వ్యర్థాలు అప్పట్లో ఆ ప్లాంటుకు వచ్చేవి. శుద్ధి అయ్యాక కూడా లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా కనబడింది. కొన్ని రకాల బ్యాక్టీరియాను చంపడానికి కావలసిన దానికంటే అది వెయ్యి రెట్లకు పైనే. రోజుకు 45 కిలోల మందు వాగులోకి పోతోందని లెక్కేశారు. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడే మందు అది.

యూరిన్ ఇన్ఫెక్షన్‌తో వచ్చిన ఆడవాళ్లకు ఒకప్పుడు మూడు రోజుల సిప్రో రాస్తే తగ్గిపోయేది. ఇప్పుడు కల్చర్ రిపోర్టులో సిప్రో వరుసలో రెసిస్టెంట్, అంటే ఆ మందుకు క్రిమి లొంగదు అని చూసీ చూసీ అలవాటైపోయింది. ప్రతి కేసుకూ కారణం వాగే అనను, మనం విచ్చలవిడిగా మాత్రలు మింగడం కూడా ఉంది. కానీ మందునీళ్లలో ఈదీ ఈదీ బతకడం నేర్చుకున్న క్రిములు మనిషి గీసిన ఊరి పొలిమేర దగ్గర ఆగవు.

2020 జనవరిలో కేంద్రం వ్యర్థజలాల్లో వందకు పైగా యాంటీబయాటిక్స్‌కు పరిమితులు ప్రతిపాదిస్తూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వస్తే అందులో ఆ పరిమితులే లేవు. ఇప్పుడు చెప్పండి, రైతుబిడ్డ గారి వాగులోంచి ఎంత నిజాయితీగా శాంపిల్ తీసినా సీఓడీ 250 లోపు, బీఓడీ 30 లోపు (నీటిలో మురికి ఎంతుందో చెప్పే కొలతలు ఇవి) ఉందా అనే చూస్తారు. మందు ఎంత ఉందో చూడాలన్న నియమమే లేనప్పుడు జైలు ఎవరికి, జరిమానా ఎవరికి?

ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణి

నేను ఒక రాష్ట్రంలో కాలుష్య మండలి ల్యాబ్‌లో 26 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఏ రాష్ట్రమో చెప్పను. డాక్టర్ గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. అయితే ఉన్న పరిమితులు దాటినవాళ్లు కూడా ఎలా తప్పించుకుంటారో మీకు తెలియాలి. శిక్ష దాకా కేసు రానే రాదు, సీసా దగ్గరే చచ్చిపోతుంది.

నీటి చట్టం 21వ సెక్షన్ ఉంది. ఫ్యాక్టరీ వ్యర్థజలం కోర్టులో సాక్ష్యంగా నిలబడాలంటే, శాంపిల్ తీసే చోటే, అప్పటికప్పుడే బాధ్యుడి చేతికి నోటీసు ఇవ్వాలి. అతని ఎదుటే రెండు భాగాలు చేసి, రెండింటికీ సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. పద్ధతి న్యాయంగానే ఉంది. గేటు దగ్గర జరిగేది వేరు. ఒక సాయంత్రం మేం వెళ్తే వాచ్‌మన్ ‘సార్ భోజనానికెళ్లారు, ఇప్పుడే వచ్చేస్తారు’ అన్నాడు. 40 నిమిషాలు జీపులో కూర్చోబెట్టారు. లోపలికి వెళ్లి బయటికి పారే పైపు మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. రోజంతా రియాక్టర్లు నడిచిన చోట ఆ పైపు అంత చల్లగా ఎలా ఉంటుంది? బోరు నీళ్లు కలిపేశారు. నా చేతికి తెలిసింది, సీసాకు తెలియలేదు. రిపోర్టు శుభ్రంగా వచ్చింది.

సీసా ల్యాబ్‌కు చేరే దారి ఇంకో కథ. సీఓడీ శాంపిల్‌లో యాసిడ్ వేయాలి, ఐసు పెట్టెలో పెట్టాలి. బీఓడీకి 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చూస్తాం, అది ఆలస్యం కాకుండా మొదలుపెట్టాలి. ఎండలో జీపు వెనక ఆరు గంటలు తిరిగిన సీసా వస్తే అంకె ఎంత వచ్చినా అవతలి లాయర్ ఐదు నిమిషాల్లో తేల్చేస్తాడు. మేమంతా చేతకానివాళ్లం కాదు. దేశమంతటా రాష్ట్ర మండళ్లలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీ. ఒక్కో ఇంజనీరు కింద వందల యూనిట్లు.

జీడిమెట్ల చిన్న యూనిట్

సార్, 40 నిమిషాల సంగతి మీరు రాసినది అక్షరాలా నిజం. మా పక్క షెడ్లలో చూశాను. మరి దీనికి మందేమిటి?

ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణి

నీళ్ల లెక్క. అర్ధరాత్రి కాపలా కాయనక్కర్లేదు. ఫ్యాక్టరీకి నెలకు ఎన్ని కిలోలీటర్లు వచ్చాయో మీటరు చెబుతుంది. బాయిలర్‌లో, కూలింగ్ టవర్‌లో ఎంత ఆవిరవుతుందో లెక్క కట్టొచ్చు. కామన్ ప్లాంటుకు ఎన్ని ట్యాంకర్లు పోయాయో రసీదులు ఉంటాయి. సొంతంగా శుద్ధి చేసుకుంటున్నామంటే నీటిని ఆవిరి చేసే ఎవాపరేటర్ నడవాలి, నడిస్తే కరెంటు బిల్లులో కనబడుతుంది, అడుగున ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు ఎక్కడికి పోయిందో కాగితం ఉండాలి. వంద వచ్చి, నలభై ఆవిరై, ఇరవైకే రసీదు ఉంటే మిగతా నలభై ఎక్కడ?

జీడిమెట్ల చిన్న యూనిట్

నా రిజిస్టర్లు ఇలా చూస్తే అరగంటలో నా బండారం మొత్తం తెలిసిపోతుంది. అందుకే ఇది పనిచేస్తుందని నమ్ముతున్నాను. నావి నెలనెలా ఊరి జనం చూసేలా వెబ్‌సైట్‌లో పెట్టమన్నా పెడతాను, అందరివీ పెట్టాలి అంతే. 2025లో కేంద్రం పర్యావరణ ఆడిట్ నియమాలు తెచ్చింది, బయటి ఆడిటర్లు వస్తారు. కానీ వాళ్ల రిపోర్టు కూడా నాలుగు గోడల మధ్యే ఉంటే మళ్లీ మొదటికే వస్తాం.

నక్కవాగు రైతుబిడ్డ

ల్యాబ్ సార్ రాసింది రెండుసార్లు చదివాను. జైలు మీద నా పట్టు కొంచెం సడలిందని ఒప్పుకుంటాను, పూర్తిగా కాదు. డైరెక్టర్ పేరు చార్జిషీట్‌లో ఉంటే వాడు ఒక రాత్రి నిద్రపోడు, ఆ భయం విలువ వేరు. పటాన్‌చెరు కాలుష్యం మీద సుప్రీంకోర్టులో 1990లో పడ్డ కేసు హైకోర్టుకు, అక్కణ్ణుంచి ఎన్జీటీకి మారి 2017లో తీర్పు దాకా వచ్చింది. 27 ఏళ్లు. కేసు మొదలైన రోజున మా నాయిన నాగలి పట్టే వయసులో ఉన్నారు, తీర్పు నాటికి మంచం పట్టారు. అందుకే చిన్న యూనిట్ అన్న ‘త్వరగా’ అన్న మాటకు నేను కూడా తల వంచుతున్నాను.

కానీ ఆ జరిమానా విధించేది రాష్ట్ర కార్యదర్శి స్థాయి అధికారి. ఆ డబ్బు పోయేది ప్రభుత్వం దగ్గరి నిధికి. మాడిపోయిన మా రెండెకరాలకు ఎవరు కడతారు?

సాగరతీరం (విశాఖ)

నష్టపరిహారానికి దారి ఉంది. ఎన్జీటీ చట్టం 15వ సెక్షన్ కింద నష్టం జరిగిన ఐదేళ్ల లోపు దరఖాస్తు చేసుకోవచ్చు, మనకు చెన్నై బెంచి. ఇంకా, 2025 ఆగస్టు 4న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది: జరిగిన నష్టాన్ని సరిదిద్దేందుకు కాలుష్య మండళ్లే సొమ్ము కట్టించవచ్చు, నష్టం జరగబోతోందనిపిస్తే ముందే బ్యాంకు గ్యారంటీ కూడా అడగవచ్చు అని. 15 లక్షల పరిమితి శిక్షకు, ఇది వేరే లెక్క. మండలిని ఇది చేయమని రాతపూర్వకంగా అడగండి.

ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణి

బాబూ, ఇంకొకటి. నేను చెప్పిన నోటీసు, సీలు తతంగం ఫ్యాక్టరీ వ్యర్థజలానికే. వాగు నీటికి అది అక్కర్లేదు, మండలి వాళ్లు ఎప్పుడైనా తీయొచ్చు. కాబట్టి ఫిర్యాదులో ‘కల్వర్టుకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి, ఒకే గంటలో తీయండి’ అని రాయండి. ఎగువన బాగుండి దిగువన చెడితే మధ్యలో ఏం జరిగిందో నీరే చెబుతుంది. వాళ్లు వచ్చేలోపు మీరు కూడా కొత్త ప్లాస్టిక్ డబ్బాలో అదే నీటితో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా అంచు దాకా నింపి, ఐసులో పెట్టండి. మీ డబ్బా కోర్టులో సాక్ష్యంగా నిలవదు, కానీ తేదీ, సమయం కనబడే ఫోటో పక్కన పెడితే నాలుగో రోజు వచ్చేవాళ్లు మొదటి రోజే రావాల్సి వస్తుంది.

ఊరి డాక్టర్

ఆ డబ్బా పట్టేటప్పుడు చేతులకు గ్లౌజులు వేసుకోండి. పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు.

నక్కవాగు రైతుబిడ్డ

సరే డాక్టర్ గారూ. కల్వర్టుకు ఎగువన ఒక తుమ్మచెట్టు ఉంది, దిగువన మా మోటారు దగ్గర రాతిమెట్లు ఉన్నాయి. రెండుచోట్లా ఎర్ర రంగుతో గుర్తు పెట్టొచ్చాం, ఎవరు వెళ్లినా అక్కడే నింపాలని. నలుగురం వంతులు వేసుకున్నాం. ఐసు కోసం చేపలమ్మే మా మామ డబ్బా ఇస్తానన్నాడు. పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది.