రెండే కొత్త టైర్లు కొంటే ముందు వేయాలా, వెనక వేయాలా?

పాలమూరు_డ్రైవ్: మాది 2022 క్రెటా పెట్రోల్, టైర్లు 215/60 ఆర్17. ముందు రెండూ అరిగిపోయాయి. గాడి లోపల చిన్న గట్టు ఉంటుంది కదా, దానికి దాదాపు సమానంగా వచ్చేశాయి. వెనకవి ఇంకా సగం ఉన్నాయి. స్కూల్ ఫీజుల నెల, నాలుగూ ఒకేసారి కొనే పరిస్థితి లేదు. షాపతను కొత్తవి ముందు వేస్తానంటాడు, మా తమ్ముడేమో వెనక వేయమంటాడు. వచ్చే నెల అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకుని శ్రీశైలం వెళ్లాలి. వానలు కూడా. ఎవరి మాట వినాలి?

బెజవాడ_చక్రం: ముందే, ఇందులో ఆలోచించేదేముంది అన్నా? బండిని లాగేవి అవే, తిప్పేవీ అవే. బ్రేక్ కొడితే బరువంతా ముందుకే వస్తుంది. వెనకవి ఊరికే దొర్లుతూ వస్తాయి. పైగా ముందు టైరు పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదు.

నాలుగో_గేరు: వెనకే వేయించండి. ఇప్పుడు వెనకున్న సగం టైర్లు ముందుకి, కొత్తవి వెనక్కి, అరిగినవి బయటికి. మిషెలిన్, బ్రిడ్జ్‌స్టోన్ లాంటి కంపెనీలు కూడా ముందు చక్రాలతో నడిచే బండికైనా ఇదే చెబుతాయి.

వానలో గాడుల పని నీళ్లను పక్కకి తోసేయడం. కొత్త టైరుకి లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లుంటుంది. అది తగ్గేకొద్దీ తక్కువ స్పీడుకే టైరు నీటి మీద తేలుతుంది. ముందువి తేలితే స్టీరింగ్ తేలికైపోయి బండి తిన్నగా పోతుంది, మెల్లగా యాక్సిలరేటర్ వదిలితే పట్టు తిరిగొస్తుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది. కంగారులో కాలు తీశామా, బరువు ముందుకి పోయి వెనక ఇంకా తేలికవుతుంది. దాన్ని కాచుకోవడం మనలాంటి వాళ్ల వల్ల కాదు.

బెజవాడ_చక్రం: ఘాట్‌లో నలభై మీద పోయే బండి నీళ్ల మీద తేలుతుందా? బండి జారకుండా కాసే ఈఎస్‌సీ దేనికుంది మరి?

నాలుగో_గేరు: తేలే భయం హైవే మీద, ఓఆర్ఆర్ మీద. 120 బోర్డు చూసి వానలోనూ అదే స్పీడు లాగేవాళ్లున్నారు. ఘాట్‌లో గొడవ వేరు: దిగేటప్పుడు మలుపులో బ్రేక్ వేస్తే వెనక తేలికవుతుంది, తడి రోడ్డు దానికి తోడు. ఈఎస్‌సీ ఒక్కో చక్రానికి బ్రేక్ వేసి బండిని దారిలో పెడుతుంది, నిజమే. పట్టే లేని టైరుకి బ్రేక్ వేసి అదేం చేస్తుంది? ఇక పేలడమంటారా, ఎక్కువగా గాలి తక్కువై వేడెక్కినా, పక్కగోడ దెబ్బతిన్నా పేలుతుంది. అలాంటి టైరు ముందూ వద్దు, వెనకా వద్దు.

కొండదారి: నాలుగూ ఏటీ టైర్లు (మట్టి, రాళ్ల దారిలోనూ పోయేవి) వేసేయ్ బ్రో, లుక్ అదిరిపోద్ది 🔥

ఓరుగల్లు_ఆడపడుచు: శ్రీశైలం దాకా తారురోడ్డే తమ్ముడూ. ఏటీ వేస్తే మోత ఎక్కువ, మైలేజీ తక్కువ. పైగా ఆయన రెండుకే డబ్బుల్లేవంటుంటే నాలుగంటావేంటి!

పాలమూరు గారూ, ముందు మీ వెనక టైర్ల వయసు చూడండి. పక్కగోడ మీద డాట్ నంబరులో చివరి నాలుగు అంకెలు: మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఐదారేళ్లు దాటి, సన్నటి పగుళ్లుంటే సగం గాడి ఉన్నా లాభం లేదు. కొత్తవి కొనేటప్పుడూ అదే నంబరు చూడండి, పాత స్టాకు అంటగడతారు. ఉన్న రెండింటి కంపెనీ, మోడల్‌వే దొరికితే మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో సరిచూసుకోండి.

పాలమూరు_డ్రైవ్: చూశానక్కా. 2122 అని ఉంది, పగుళ్లేమీ లేవు. అయితే వెనకే వేయిస్తాను. షాపతనికి ఫోన్ చేస్తే "మీ ఇష్టం సార్, స్టీరింగ్ తేడాగా ఉందని మళ్లీ నన్నడగొద్దు" అన్నాడు.

బెజవాడ_చక్రం: నా మాట మాత్రం ముందే. ఎండాకాలమంతా వెనక టైర్ల గాడులు వాడకుండా దాచుకుంటారా?

నాలుగో_గేరు: దాచుకోనక్కర్లేదు. ముందుకెళ్లిన సగం టైర్లు త్వరగా అరుగుతాయి. అప్పుడు ఇప్పటి కొత్తవి ముందుకొస్తాయి, ఇంకో జత వెనక్కి వెళ్తుంది. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) మాత్రం ఈసారే చేయించండి. ముందువి లోపలి అంచున ఎక్కువ అరిగాయేమో, తీసి పారేసేలోపు ఓసారి చెయ్యి పెట్టి చూడండి.